దవనం కోసం ఆగిన డప్పులు

బత్తలపల్లిలో పెళ్ళి ఊరేగింపు సగం వీధి దాటకముందే దవనం కుంటింది.

దవనం పెనుకొండ ఈరప్ప పెంచుకునే తెల్ల గుర్రం. చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళిళ్ళకు దాన్నే పిలుస్తారు. పెళ్ళికొడుకును మోయడం ఏ గుర్రమైనా చేస్తుంది. దవనం అయితే డప్పు వింటే ఆడుతుంది. మెడ వంచి, ముందుకాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి, దెబ్బ తప్పకుండా అడుగు వేస్తుంది. ఈరప్ప దానికి కొరడా చూపించి నేర్పలేదు. అది పిల్లగా ఉన్నప్పుడు పక్కన తానే చిందులు వేసి నేర్పాడు. అప్పట్లో వీధిలో వాళ్ళు గుర్రాన్ని కాదు, ఈరప్పను చూసి నవ్వేవాళ్ళు.

ఆ రోజు కూడా బాగానే ఆడుతోంది. మురుగు కాలువ మీద పరిచిన బండ ఒకటి పగిలి, దాని అంచు పైకి లేచి ఉంది. దవనం ఎత్తిన కుడి కాలు నేరుగా ఆ అంచు మీద పడింది. అంతే, నిలబడిపోయింది. ఆ తర్వాత ఎంత బుజ్జగించినా ఆ కాలు నేలకు ఆనించలేదు. పెళ్ళికొడుకును దించి కారు ఎక్కించారు. ఈరప్ప గుర్రాన్ని చిన్న లారీలో ఇంటికి తెచ్చుకున్నాడు.

వాపు లేదు, గాయం లేదు. అయినా కాలు మోపదు. ఈరప్ప భార్య ఉలిగమ్మ వేడినీళ్ళ కాపడం పెట్టింది, పసుపు పట్టు వేసింది. చూడవచ్చిన వాళ్ళు "ఇంక అది పనికి రాదప్పా, ఎవరికన్నా ఇచ్చేయ్" అన్నారు. ఈరప్ప ఆ మాట చెవిన పెట్టలేదు. మళ్ళీ లారీ పిలిచి, దవనాన్ని హిందూపురంలో డాక్టర్ గ్రేస్ దగ్గరికి తీసుకుపోయాడు.

గ్రేస్ ఎక్కువగా ఆవులను, బర్రెలను, కుక్కలను చూసే పశువుల డాక్టరు. గుర్రాలు ఆమె దగ్గరికి రావడం అరుదు. గిట్టకు ఎక్స్‌రే తీసి, తన చదువు నాటి మాస్టారికి ఫోన్లో చూపించి మాట్లాడి, ఆ తర్వాతే ఈరప్పను పిలిచింది.

"ఇదో, ఈ సన్న గీత కనిపిస్తాండాదా? గిట్ట లోపల ఉండే ఎముక ఇది. చీలింది."

ఈరప్ప ఆ గీత వైపు వంగి చూశాడు. "అంటే ఇంక నడవదా మేడం?"

"నడుస్తుంది. పైన కాలెముక విరిగింటే నేనీ మాట చెప్పలేకపోదును. ఇది గిట్ట లోపల ఉంది కాబట్టి, గిట్టే దానికి కట్టు మాదిరి పట్టుకుంటుంది. గిట్ట వెడల్పు కాకుండా లాడం వేయాల. గుర్రం ఒక్క చోటనే నిలబడాల. నెలలు పడుతుందప్పా. ఓపిక ఉందా నీకు?"

"నాకుండాది మేడం. దానికుండాల గదా."

గ్రేస్ నవ్వింది.

అలాంటి లాడం బజారులో దొరకదు. గ్రేస్ తనకు తెలిసిన వెల్డింగ్ షాపు సునీల్‌ను అడిగింది. అతను గేట్లు, కిటికీ గ్రిల్లులు చేసేవాడు. జన్మలో లాడం చేసి ఎరగడు. ఆమె అతని షాపు గచ్చు మీదే సుద్దతో బొమ్మ గీసింది. మామూలు లాడానికి వెనక వైపు ఖాళీ ఉంటుంది. దీనికి ఆ ఖాళీని మూస్తూ ఒక పట్టీ ఉండాలి. గిట్టను ఇరుపక్కలా పట్టుకోవడానికి చిన్న చెవులు ఉండాలి. సునీల్ చేసిన మొదటిది పెద్దదైంది. తర్వాతది ఒక పక్కకు వంకర పోయింది. విసుక్కోకుండా మళ్ళీ కాల్చి, మళ్ళీ కొట్టి, చివరికి గిట్టకు అతికినట్టు సరిపోయేది తయారు చేశాడు.

కాలికి మొద్దుబారే సూది వేసి లాడం బిగించారు. అంతసేపూ దవనం ఈరప్ప భుజం మీద తల పెట్టుకుని నిలబడింది. ఇంటికి వచ్చాక ఆ కాలును కొంచెంగా నేలకు ఆనించింది. అది చూసి ఉలిగమ్మ కళ్ళు తుడుచుకుంది.

కానీ ఈరప్ప ఇంటి పక్కనే కల్యాణ మండపం ఉంది. అది పెళ్ళిళ్ళ కాలం. డప్పు మోగిందంటే చాలు, కొట్టంలో దవనం మెడ వంచి కాలెత్తేది. చెవుల్లో దూది పెట్టారు. కొట్టానికి అడ్డంగా దుప్పట్లు కట్టారు. మండపం వాళ్ళను బతిమాలారు. ఏదీ కుదరలేదు. మళ్ళీ ఎక్స్‌రే తీస్తే గీత అట్లే ఉంది.

"ఇట్లయితే ఆ ఎముక ఎప్పుడు అతుక్కుంటాదప్పా?" అంది గ్రేస్. "డప్పు చప్పుడు లేని చోటు చూడు."

ఈరప్పకు ధర్మవరంలో ఉన్న చెల్లెలు యశోద గుర్తొచ్చింది. ఆమె, ఆమె భర్త శ్రీనివాసులు ఇంట్లోనే మగ్గం మీద పట్టుచీరలు నేస్తారు. ఇంటి వెనక, ఒకప్పుడు ఆవులను కట్టిన రేకుల కొట్టం ఖాళీగా ఉంది. చిక్కంతా యశోదతోనే. చిన్నప్పుడు సంతలో ఒక జట్కా గుర్రం ఆమె జడలోని పూలను, పూలతో పాటు జడను నోట పట్టుకుని లాగింది. ఆ నాటి నుంచి ఆమెకు గుర్రమంటే హడలు. అన్న ఆడించే దవనాన్ని కూడా ఆమె దూరం నుంచే చూసేది.

"పట్టు ఉండే ఇల్లన్నా ఇది. దుమ్ము, ఈగలు... ఎట్లన్నా?" అంది ఫోన్లో. మళ్ళీ తానే, "సరే, తోలకరా. నేను మాత్రం దాని దగ్గరికి పోను. ముందే చెప్తాండా" అంది.

లారీలో మందంగా ఇసుక పోసి, చెన్నేకొత్తపల్లి మీదుగా మెల్లగా ధర్మవరం తీసుకొచ్చారు. శ్రీనివాసులు కొట్టంలో అప్పటికే ఇసుక పరిచి, మీద గడ్డి వేసి ఉంచాడు. మొదటి రోజు మగ్గం మొదలవగానే దవనం చెవులు నిక్కబొడుచుకుంది. ఈరప్ప దాని కాలి వైపే చూస్తూ నిలబడ్డాడు. లోపల మగ్గం కొట్టుకుంటూ పోయింది. దవనం కాసేపు విని, చెవులు వాల్చి, గడ్డి మీదికి మూతి వంచింది. కాలు ఎత్తలేదు.

పెళ్ళి పనులు లేవు కాబట్టి ఈరప్ప ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో తోటపనికి కుదిరాడు. ఆదివారం వచ్చి చూసుకుని పోయేవాడు. మిగతా రోజులు శ్రీనివాసులే మేత వేసేవాడు. గిట్ట వేడెక్కిందేమో రోజూ చేత్తో తాకి చూడమని గ్రేస్ చెప్పింది. ఒకసారి శ్రీనివాసులు చీరలతో బెంగళూరు పోవాల్సి వచ్చింది. ఆ పొద్దున యశోద కొట్టం గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడింది. చివరికి లోపలికి పోయి, కళ్ళు మూసుకుని, చెయ్యి చాపి, గిట్టను తాకి, వెనక్కి పరుగెత్తుకొచ్చింది. ఉలిగమ్మకు ఫోన్ చేసి, "వదినా, చల్లగుండాది వదినా!" అని అరిచింది.

ఆ తర్వాత కళ్ళు తెరిచే తాకింది. ఇంకొన్నాళ్ళకు నేత మధ్యలో లేచి పోయి, దాని నుదురు నిమిరి రావడం అలవాటైంది. అయితే లోపలికి పోయే ముందు జడను చుట్టి కొప్పు వేసుకోవడం మాత్రం మానలేదు.

అంతా కుదురుతోంది అనుకుంటున్నప్పుడు ఒక పొద్దున డప్పులు వినిపించాయి. పెద్ద రోడ్డులో పైపుల కోసం తవ్వారు. పెళ్ళి ఊరేగింపు వీళ్ళ వీధిలోకి మళ్ళింది. యశోద మగ్గం వదిలి పరుగెత్తింది. అప్పటికే దవనం మెడ వంచింది. కుడి కాలు లేచింది. యశోద దాని మెడను రెండు చేతులా కావలించుకుని, తన కొంగుతో దాని చెవులు మూసింది.

"ఏమండీ! డప్పులు ఆపమని చెప్పండి!" అని లోపలి నుంచే కేక పెట్టింది.

శ్రీనివాసులు బనీనుతోనే వీధిలోకి పోయి, రెండు చేతులూ ఎత్తి డప్పుల వాళ్ళకు అడ్డం నిలబడ్డాడు. "అప్పా, ఒక్క మాట! లోపల గుర్రముండాది. కాలిరిగింది. డప్పు వింటే ఆడతాది. ఈ వీధి దాటేదాకా ఆపండప్పా."

పెళ్ళి వాళ్ళలో ఒకాయన చిరాకు పడ్డాడు. "ఏమబ్బా, గుర్రం కోసం పెండ్లి ఆపుతారా?"

ముందు డప్పు కొడుతున్న నాగన్న అనే అతను మాత్రం, "యా గుర్రం? ఈరప్ప దవనమా?" అని అడిగాడు. అవునని తెలియగానే పుల్లలు నడుముకు దోపుకున్నాడు. "ఎన్ని పెండ్లిళ్ళలో నేను కొట్టింటే అది ఆడిందో! దాని కాలు బాగవ్వాల. నడవండప్పా, వీధి దాటినాక కొడదాం."

పెళ్ళికొడుకే చేత్తో సైగ చేసి అందరినీ నడవమన్నాడు. నగలు, పట్టుచీరలు, పూలదండలు అన్నీ ఆ వీధిలో చప్పుడు లేకుండా నడిచాయి. కొందరు ఆడవాళ్ళు తొంగి చూసి "పాపం" అనుకుంటూ పోయారు. కొట్టంలో యశోద చేతుల మధ్య దవనం మెల్లగా కాలు దించింది. ఊరేగింపు వీధి దాటేదాకా ఆమె దాని మెడ వదల్లేదు.

ఫోన్ అందుకుని సాయంత్రం ఈరప్ప పరుగున వచ్చాడు. విషయమంతా విని, చెల్లెలి వైపు చూసి, "నువ్వు దాని మెడ పట్టుకుంటివా?" అన్నాడు.

"పట్టుకోకుంటే ఎట్లన్నా? ఆడనిస్తానా?" అంది యశోద, అదేదో ఎప్పుడూ చేసే పనైనట్టు.

ఎండలు తగ్గి వానలు పడ్డాక మళ్ళీ ఎక్స్‌రే తీశారు. గ్రేస్ దాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది. గీత దాదాపు మాసిపోయింది. "అతుక్కుందప్పా" అంది. "మెల్లగా నడిపించు, మెత్తటి నేల మీద. పెండ్లికొడుకును గూడా మోయొచ్చు కొన్నాళ్ళకు. కానీ సిమెంటు రోడ్డు మీద ఆట వద్దు. ఇంకెప్పటికీ వద్దు."

చిత్రావతి ఏటి ఇసుకలో దవనాన్ని మొదటిసారి నడిపించిన పొద్దున యశోద, శ్రీనివాసులు కూడా పోయారు. దవనం కొంచెం దూరం తల ఊపుతూ నడిచి, ఒక్కసారిగా ఇసుకలో పడుకుని పొర్లింది. లేచి ఒళ్ళు విదిలించుకుంటే ముగ్గురి మీదా ఇసుక పడింది. యశోద పడీపడీ నవ్వింది.

డప్పు వింటే ఆడకుండా ఉండడం నేర్పడానికి ఆట నేర్పినంత కాలం పట్టింది. నాగన్న తీరిక ఉన్నప్పుడల్లా వచ్చి మెల్లగా డప్పు వాయించేవాడు. ఈరప్ప పక్కన మామూలుగా నడుస్తూ, "నడువమ్మా, ఊరికే నడువు" అనేవాడు. కాలెత్తితే డప్పు ఆగేది. నడిస్తే మోగేది.

మరుసటి ఏడు హిందూపురంలో ఒక పెళ్ళికి పిలుపు వచ్చింది. "ఇది నడుస్తుంది, ఆడదు" అని ఈరప్ప ముందే చెప్పాడు. పెళ్ళి వాళ్ళు సరే అన్నారు. గ్రేస్, సునీల్ రోడ్డు పక్కన నిలబడి చూశారు. డప్పులు మోగాయి. దవనం కాళ్ళు నిదానంగా, ఒకదాని వెనక ఒకటి, తిన్నగా నడిచాయి. తల మాత్రం దెబ్బకు దెబ్బ తప్పకుండా ఊగింది.

"తల ఊపితే ఏమీ కాదు గదా మేడం?" అని ఈరప్ప నడుస్తూనే అడిగాడు.

"ఊపనీలే అప్పా" అంది గ్రేస్.