సాంబయ్య సున్నా ఖాతా

నేను ఒక బ్యాంకు పాసుపుస్తకాన్ని. నీలం అట్ట, ఇరవై నాలుగు పేజీలు. నా కట్టలోనే ఉన్నవాళ్లు కొందరు లక్షలు మోయడానికి పోయారు. నేను సున్నా నిల్వ ఖాతాకి వచ్చాను. కాగితం మాత్రం ఒకటే.

నా యజమాని పోపూరి సాంబయ్య. ఒకప్పుడు షామియానాలు, వంట గిన్నెలు అద్దెకిచ్చేవాడు. ఒక గాలివానకు సామానంతా పోయింది. అప్పులు తీరక, దివాలా తీశానని కోర్టులో ఐపీ పెట్టాడు. ఐపీ పెట్టినవాణ్ని ఊరు తిట్టదు, పలకరించడం మానేస్తుంది. ఆఖరికి కోల్డ్ స్టోరేజీలో కాపలా పని దొరికింది. జీతం బ్యాంకులోనే వేస్తామనీ, శనివారంలోగా పాసుపుస్తకం జిరాక్సు తెస్తేనే పనిలో పెట్టుకుంటామనీ అన్నారు.

పాత బ్యాంకు గడప తొక్కే మొహం లేదు. అందుకని శుక్రవారం ఈ బ్యాంకుకి వచ్చాడు. నేను అప్పుడు బీరువాలో ఉన్నాను. అతను గుమ్మంలోనే ఆగిపోవడం చూశాను. లోపల బల్ల మీద కోటమ్మ కూర్చుని ఉంది.

కోటమ్మ పదహారేళ్లు అతని దగ్గర గిన్నెలు తోమింది. మా వైపు కూలివాళ్లు, చేతిలో ఉంటే ఖర్చయిపోతుందని కూలి డబ్బు షావుకారు దగ్గరే దాచుకుంటారు. ఆమెవి పదకొండు వేలు అలా ఉండిపోయాయి. కోర్టుకిచ్చిన జాబితాలో ప్రోనోటు ఉన్నవాళ్ల పేర్లే ఎక్కాయి. ఆమెకు నోటు లేదు.

ఐపీ పెట్టినవాడికి ఖాతా ఇవ్వరని ఎవరో సాంబయ్యకు చెప్పారు. కోటమ్మ ఒక్క మాట గట్టిగా అంటే పని పోతుందనుకున్నాడు. ఫారం తీసుకుని ఆమెకు వీపు పెట్టి నిలబడ్డాడు.

"ఏం షావుకారూ, ఫారం తిరగేసి పట్టుకున్నావు" అంది కోటమ్మ.

ఆ తర్వాత లేచి వచ్చి, ఫొటో ఎక్కడ అంటించాలో, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది. ఆమెకు చదువు రాదు. కిందటేడు తన ఖాతా తెరిచినప్పటి గళ్లు గుర్తున్నాయి.

గుమస్తా అమ్మాయి ఆధార్ చూసింది, వేలిముద్ర తీసుకుంది. సాంబయ్య ఉండబట్టలేక ఐపీ సంగతి తనే చెప్పాడు. ఈ ఖాతాకి అది అడ్డం కాదనీ, చెక్కుబుక్కు ఉండదనీ, నెలకు నాలుగుసార్లే డబ్బు తీయాలనీ చెప్పి, నన్ను బయటికి లాగి నా మీద అతని పేరు కొట్టింది.

ఇంట్లో అతని భార్య తిరపతమ్మ కొత్త చిట్టా పుస్తకానికి పెట్టినట్టే నాకు పసుపు రాసి బొట్టు పెట్టింది. సరిగ్గా వెనకట్ట మీది నల్ల గీతల మీదే పెట్టింది. ఆ గీతలు కనపడకపోతే బ్యాంకులో అచ్చు కొట్టే యంత్రం నన్ను చదవలేదు. పెట్టిన ప్రతిసారీ ఉమ్మేసేది. తుడవడానికి తిరపతమ్మ ఒప్పుకోలేదు. నలుగురి కంట పడకూడదనుకున్న సాంబయ్య, గుమస్తా చేత పద్దులు వేయించుకోవడానికి నెలనెలా నలుగురితో వరసలో నిలబడాల్సి వచ్చింది.

మొదటి జీతం పడింది. డబ్బు నిజంగా ఉందో లేదో చూడ్డానికి వంద చొప్పున నాలుగు రోజులు నాలుగుసార్లు తీశాడు. ఉంది. అయిదో రోజు ఈ నెలకు అయిపోయిందన్నారు. ఇంట్లో నెలాఖరు దాకా పచ్చడి మెతుకులు. అతని డబ్బు అన్నాళ్లు ఒకచోట కదలకుండా ఉండటం అదే మొదలు.

రెండో నెల కోటమ్మ ఖాతాకి అయిదు వందలు పంపాడు. కోర్టు అడగలేదు, ఆమె అడగలేదు. ఆమెకు అతను చెప్పనూ లేదు. మూడో నెల జీతాల రోజున కోటమ్మ వచ్చి వరసలో అతని వెనక నిలబడింది. ఇద్దరూ ఎండల గురించి మాట్లాడుకున్నారు. నా పేజీల్లో ఆ అయిదు వందల పద్దు ఇరవై రెండుసార్లు పడింది.

ఇరవై రెండోది పడిన రోజు సాంబయ్య వెనక్కి తిరిగి, "అయిపోయింది కోటమ్మా" అన్నాడు.

కోటమ్మ రొంటిన దోపుకున్న నోట్లు తీసింది. "ఈ వారం కూలి. నీ దగ్గర పెట్టమంటావా, షావుకారూ?"

వరసలో అందరూ ఇటు చూశారు. సాంబయ్య ఆ నోట్లు ముట్టుకోలేదు.

"వద్దు. ఇక్కడే వేసుకో" అన్నాడు. బల్ల మీంచి ఫారం తీసి, ఆమె పేరు, అంకె తనే రాసి, వేలిముద్ర ఎక్కడ వేయాలో చూపించాడు. ఈసారి ఫారం తిన్నగానే పట్టుకున్నాడు.

నా ఆఖరి పేజీ ఆ నెలే నిండింది. ఇక చెల్లదని అట్టకు కన్నం పొడిచి ఇచ్చేశారు. ఇప్పుడు తిరపతమ్మ ట్రంకుపెట్టెలో, పట్టుచీర కింద ఉన్నాను. కొత్త పుస్తకానికి ఆమె ముందట్ట మీద బొట్టు పెట్టిందట, యంత్రం చక్కగా చదువుతుందట. సాంబయ్య మాత్రం జీతాల రోజున వరసలోనే నిలబడుతున్నాడట.