ఎలోయ్ తలుపు

శనివారం ఉదయం పదిన్నరకు, ఫీనిక్స్ నుంచి బండి కొనడానికి వచ్చిన మనిషి, దాని వెనక తలుపు రంగు మిగతా బండితో కలవలేదని చెప్పాడు. రెండేళ్లలో ఎలోయ్ మాయెస్తాస్ ముందు ఆ మాట అన్నది అతనొక్కడే.

బండి 1972 ఎల్ కమీనో. ముందు సగం కారు, వెనక సగం ట్రక్కు; సామాను ఎక్కించడానికి వెనక, కిందకి దించే తలుపొకటి. ఎలోయ్ దాన్ని చిమాయో దగ్గర ఒక పొలంలో చూసినప్పుడు వెనక భాగంలో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. పదకొండేళ్లు పట్టింది బాగుచెయ్యడానికి. ఇంజను విప్పి మళ్లీ బిగించాడు. సామాను పెట్టే చోట ఓక్ చెక్కలు పరిచి వార్నిష్ వేశాడు. చెక్కల కింద బండిని పైకెత్తి దించే పంపులు, వాటికి బ్యాటరీలు. సీట్లకి మఖమల్ గుడ్డ అతని భార్య ఎర్లిండా కుట్టింది. రంగు ఎలోయ్ వేశాడు. ఎస్పాన్యోలా లోయలో నలభై ఏళ్లుగా రంగు అంటే జనం ముందు ఎలోయ్ షెడ్డుకే వచ్చేవాళ్లు.

ఈ ఏడాది జనవరిలో అతని లైసెన్సు పొడిగించలేదు. కళ్లకు అంచులు కనిపిస్తాయి, నడిమధ్య కనిపించదు. మనిషి భుజాలు తెలుస్తాయి, ముఖం తెలియదు. నడపలేని బండిని షెడ్డులో పెట్టుకుని ఏం చేస్తానని అమ్మకానికి పెట్టాడు.

ఫీనిక్స్ మనిషి పేరు డేల్ హాల్వర్సన్. పాత బండ్లు సేకరిస్తాడు. ఎర్లిండా డ్రైవరు సీట్లో కూర్చుని మీట నొక్కింది. ముందు చక్రాలు నేలమీదే ఉండగా బండి ముక్కు లేచింది. హాల్వర్సన్ మట్టిలో పడుకుని కిందకి దూరాడు. చాలాసేపు బయటకి రాలేదు.

"కింద కూడా మెరుగు పెట్టారా?" అన్నాడు లోపల్నుంచే. "ఇక్కడ ఎవరు చూస్తారండీ?"

"మా కుక్క చూస్తుంది," అన్నాడు ఎలోయ్.

హాల్వర్సన్ లేచి, చేతిలో ఇమిడే మీటరొకటి తీసి బండి చుట్టూ ఆనించుకుంటూ నడిచాడు. రంగు మందం చెబుతుందది. వెనక తలుపు దగ్గర ఆగాడు.

"ఇది వేరే బండి తలుపా?"

"కాదు. ఇదే బండిది. ఎండుగడ్డి ట్రైలరు ఒకటి వెనక్కొచ్చి గుద్దితే సొట్ట తీసి నేనే రంగేశాను."

"ఇక్కడ పూత చాలా మందంగా ఉందండీ. రంగు కలవలేదు. బండి చెర్రీ ఎరుపు, ఇది ఎండుమిరపకాయ ఎరుపు. మీకు తెలుసనుకున్నా."

ఎర్లిండా చేతిలో తాళాల చప్పుడు ఆగిపోయింది.

అడిగిన ధర ఇస్తానన్నాడు హాల్వర్సన్. ఇంత పనితనం తను ఎక్కడా చూడలేదన్నాడు. ఆ ఒక్క తలుపు మళ్లీ వేయించి ఇమ్మన్నాడు. సోమవారం ఫోన్ చేస్తానని వెళ్లిపోయాడు.

ఎలోయ్ తలుపు మీద అరచెయ్యి పెట్టాడు. నునుపుగా ఉంది. చేతికి అంతకంటే తెలియదు.

"నీకు తెలుసా?"

"తెలుసు," అంది ఎర్లిండా.

"ఎప్పట్నుంచి?"

"రంగేసి నువ్వు షెడ్డు తలుపు తీసిన రోజునుంచీ."

"బాగుందన్నావుగా!"

"బాగుంది కాబట్టి అన్నాను. ఒకేలా ఉందా అని అడిగావా, ముసలోడా?"

అది అద్దంలాంటి రంగు. కింద బంగారు పొడి పూత, దాని మీద పల్చటి ఎరుపు పూతలు. పూత పడేకొద్దీ ఎరుపు ముదురుతుంది. ఎక్కడ ఆపాలో చెప్పేది కన్నే. తలుపుకి రంగేసే నాటికే ఎలోయ్ కళ్ల నడిమధ్య పోతోంది. ఆ సంగతి ఎర్లిండాకి తప్ప ఎవరికీ చెప్పలేదు. స్ప్రే గన్ పట్టుకుని, ఇంకా చాల్లేదనుకుంటూ వేసుకుంటూ పోయాడు. ఆ తలుపే అతను వేసిన ఆఖరి రంగు.

లైసెన్సు పోయేదాకా ప్రతి ఆదివారం, ముస్తాబు చేసిన బండ్ల వరసలో, ఆ తలుపు రివర్‌సైడ్ రోడ్డు మీద నడిచే వేగంతో ఊరందరి ముందునుంచీ వెళ్లింది. కోక్ తాగేవాళ్లూ, మడత కుర్చీల్లో కూర్చున్న అవ్వలూ, పోటీ బండ్ల క్లబ్బుల వాళ్లూ చూశారు. ఒక్కరూ నోరెత్తలేదు. అంటే జాలిపడ్డారు. ఆ మాట దగ్గరే అతని ఆలోచన ఆగిపోయింది.

"క్లియోఫాస్ దగ్గరికి తీసుకెళ్లు," అన్నాడు.

క్లియోఫాస్ బొర్రేగో ఆ లోయలో రంగులేసే రెండో మనిషి. ఎలోయ్ కూతురి జ్ఞానస్నానంలో జ్ఞానతండ్రిగా నిలబడింది అతనే. అప్పట్నుంచీ ఇద్దరూ ఒకర్నొకరు కంపాద్రే, అంటే బిడ్డకి తోటి తండ్రి, అనే పిలుచుకుంటారు, తిట్టుకునేటప్పుడు కూడా. ముప్ఫై ఏళ్లలో ఎలోయ్ అతన్ని ఏ సాయమూ అడగలేదు.

ఎర్లిండా బండి తీసింది.

క్లియోఫాస్ షెడ్డు ముందు కూర్చుని పచ్చిమిర్చి కూరిన బురిటో రొట్టె తింటున్నాడు.

"రా కంపాద్రే! ఇంకా అమ్ముడుపోలేదా? కారని కొందామంటే ట్రక్కాయె, ట్రక్కని కొందామంటే కారాయె. ఎవడు కొంటాడులే."

"ఫీనిక్స్ నుంచొకాయన కొంటున్నాడు. వెనక తలుపుకి మళ్లీ రంగెయ్యాలి. నువ్వెయ్యి."

క్లియోఫాస్ నమలడం ఆపాడు.

"ఏ తలుపుకి?"

"వెనక ఒక్కటే ఉంది కదా."

"నాకు పిచ్చా? దానికి నేను రంగెయ్యడమేంటి? వేస్తే ఈ లోయలో నన్ను బతకనిస్తారా?"

ఎగతాళి చేస్తున్నాడనుకున్నాడు ఎలోయ్. "నవ్వాలనుంటే నవ్వెయ్యి. వెనకాల కాదు, ముందే నవ్వు."

"ఏంటి నవ్వేది? ఇలా రా." క్లియోఫాస్ అతని మోచెయ్యి పట్టుకుని షెడ్డులోకి తీసుకెళ్లాడు. "ఇది నా మాంటే కార్లో కారు డిక్కీ. మూడుసార్లు గీకేసి వేశాను. పక్కనున్నది బెర్నీస్ నరాన్హోది, ఇంపాలా. బయట లూసేరో వాళ్ల బండి ఆగి ఉంది. వచ్చిన ప్రతివాడూ 'ముందంతా చెర్రీ, వెనకంతా మిరప, ఎలోయ్ తలుపు లాగా వెయ్యి' అంటాడు. దానికి పేరే అది. ఎలోయ్ తలుపు. నీకు తెలీదూ?"

ఎలోయ్ ఎర్లిండా భుజాల వైపు తిరిగాడు.

"ఎలా చెప్పమంటావు?" అంది ఆమె. "ఆ పేరు చెబితే, రంగు కలవలేదని కూడా చెప్పాలి."

"నువ్వొచ్చావు కాబట్టి అడుగుతున్నా," అన్నాడు క్లియోఫాస్. గొంతు తగ్గించాడు. "ఎన్ని పూతలు? నాకు కుదిరి చావట్లేదు. ఒకటి తక్కువైతే తేలిపోతుంది, ఒకటి ఎక్కువైతే నల్లబడుతుంది. నీది ఎండలో లోపల్నుంచి వెలుగుతుంది. ఎలా చేశావు?"

ఎలోయ్ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. ఒక అంకె చెబితే సరిపోయేది. క్లియోఫాస్ నమ్మేవాడు.

"నాకు తెలీదు," అన్నాడు. "కనిపించలేదు, కంపాద్రే. అప్పటికే కళ్లు పోతున్నాయి. అదే రంగు కలుపుతున్నాననుకుని వేసుకుంటూ పోయాను. తప్పు చేశాను. అంతే."

క్లియోఫాస్ మాంటే కార్లో డిక్కీ మీద చెయ్యి వేశాడు.

"అయితే రెండేళ్లనుంచీ నేను నీ తప్పు నేర్చుకుంటున్నానా?"

"అలాగే ఉంది."

"ఇంకా రాలేదే నాకు!"

ముందు ఎర్లిండా నవ్వింది. క్లియోఫాస్ నవ్వుతూ తుమ్మాడు, బురిటో కింద పడేసుకున్నాడు. ఎలోయ్ నవ్వలేదు. ఎల్ కమీనో వెనక్కి వెళ్లి, తల పక్కకి తిప్పి, కంటి అంచుతో తలుపును చూశాడు. ఎరుపనే తెలిసింది. ఏ ఎరుపో తెలియలేదు.

"నిజం చెప్పు," అన్నాడు. "జాలిపడి అనట్లేదు కదా?"

"జాలా? నీ మీదా? మా అమ్మాయి పెళ్లి బండికి నువ్వు అడిగిన రేటు మర్చిపోయావా?" క్లియోఫాస్ చేతులు తుడుచుకున్నాడు. "రంగు వెయ్యను. కావాలంటే బండి నాకమ్ము. ఆ ఫీనిక్స్ ఆయన ఎంతన్నాడో అంతే ఇస్తా. మాదిరి కోసం ఒకటి దగ్గరుండాలి నాకు."

"నీ దగ్గర అంత డబ్బెక్కడిది?"

"ఎలోయ్ తలుపులు వేసి సంపాదించా."

ఈసారి ఎలోయ్ నవ్వాడు.

సోమవారం హాల్వర్సన్ ఫోన్ చేశాడు. బండి ఊళ్లోనే అమ్ముడుపోయిందని ఎలోయ్ చెప్పాడు. తలుపు సంగతేం చేశారని హాల్వర్సన్ అడిగాడు. అలాగే ఉంచామన్నాడు. ఎర్లిండా బండి అద్దం మీద అంటించిన 'అమ్మబడును' కాగితం గీకి తీసింది.

ఆ తర్వాతి ఆదివారం సాయంత్రం ఎల్ కమీనో రివర్‌సైడ్ మీద ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్లింది. క్లియోఫాస్ నడిపాడు. పక్క సీట్లో ఎలోయ్ కిటికీ మీద మోచెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. వాళ్ల వెనక, నడిచే వేగంతోనే, మాంటే కార్లో, ఇంపాలా, లూసేరో వాళ్ల బండి వెళ్లాయి. మాంటే కార్లోను ఎర్లిండా నడిపింది.