పొయ్యి మీది కంత

పప్పులో తాలింపు వేయబోతుండగా స్టవ్ ఆర్పేయమన్నారు. పెళ్ళయిన ఇరవై తొమ్మిదేళ్ళలో పొద్దున పదకొండింటికి విజయమ్మ పొయ్యి ఆరడం ఇదే మొదటిసారి. ఆర్పమన్నది అమూల్య. ఇంట్లో గాలి ఎక్కడెక్కడ కారిపోతోందో పరీక్ష చేయడానికి కండ్లకోయ నుంచి వచ్చిన ఇంజినీరమ్మాయి. ముందు గుమ్మం నిండా ఎర్రటి గుడ్డ బిగించి దాని మధ్య పెద్ద ఫ్యాను అమర్చింది. అది ఇంట్లోని గాలిని బయటికి లాగుతుందట. అప్పుడు బయటి గాలి ఏ సందు దొరికితే ఆ సందులోంచి లోపలికి జొరబడుతుందట. ఆ సందులను పట్టుకోవాలి. ఆ సమయంలో పొయ్యి మంట వెలుగుతూ ఉండకూడదు.

"పట్టుకునేదేముందమ్మా, నేను ముందే చెప్తున్న గద," అన్నాడు విజయమ్మ భర్త రాఘవేందర్ సోఫాలోంచి. "సల్లదనమంత ఆమె ఎనుక తలుపుల నుంచే పోతాంది."

ఈ ఎండాకాలమంతా విజయమ్మ విన్న మాటే అది. అత్వెల్లి పొలంలో సగం ప్లాట్లు చేశాక మిగిలిన చోట ఆయన ముచ్చటపడి కట్టించిన ఇల్లు. హాల్లో రెండు ఏసీలున్నా మధ్యాహ్నానికి ఉక్కపోస్తుంది. తప్పు మాత్రం వంటింటి వెనక తలుపుది, అంటే ఆమెది. ఆ గడప మీద సాయంత్రం ఓ పావుగంట కూర్చుని ఆమె కరివేపాకు దూస్తుంది. ఈ ఇంట్లో ఆమెను ఎవరూ పిలవని పావుగంట అదొక్కటే. ఆ తలుపు తీసేసి గోడ కట్టించాలని ఆయన తేల్చేశాడు. మేస్త్రీ పర్వతాలు రేపు పొద్దున వస్తాడు. ఇటుకలు అప్పుడే పెరట్లో దిగాయి. పరీక్షలో కూడా అదే తేలితే ఇక తను అనడానికేమీ ఉండదని ఆమెకు తెలుసు.

చేతిలో పని లేకుండా కుర్చీలో కూర్చోవడం ఆమెకు కొత్త. అమూల్య సన్నటి పొగ వచ్చే పుల్ల ఒకటి వెలిగించి గోడల వెంట మెల్లగా నడుస్తోంది. కిటికీ మూల దగ్గర పొగ ఉన్నట్టుండి పక్కకు వంగింది. విజయమ్మ కుడిచేయి తనంతట తానే ఒడిలో ముడుచుకుంది, ప్రమిద పట్టుకున్నట్టు.

శామీర్‌పేట దగ్గరి పుట్టింట్లో అవ్వ సిద్దమ్మ చేసే పని ఇదే. మట్టిగోడలు, పైన బెంగుళూరు పెంకలు. చలి ముదరకముందే ఒక పొద్దు తలుపులన్నీ మూసి, ఆముదం దీపం మనవరాలి చేతికిచ్చేది. తనేమో ఊక కలిపి తొక్కిన మట్టిముద్ద పట్టుకుని వెనకాలే వచ్చేది. ఏడేళ్ళ విజయ ఊపిరి బిగబట్టి గోడ వెంట నడిచేది. మంట వంగిన చోట "ఆగు బిడ్డా" అనేది అవ్వ. బొటనవేలితో మట్టి అదిమి, తడి అరచేత్తో నున్నగా రాసేది. చీకటి గదిలో తడిమట్టి వాసన, ఆముదం వాసన, అవ్వ గాజుల చప్పుడు. పని అయ్యాక ఇద్దరూ అరుగు మీద కూర్చుని ఒక్క గిన్నెలో పాలు తాగేవాళ్ళు. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. పెంకలు ఎవరు పట్టుకుపోయారో కూడా తెలియదు.

ఒక ఏడు అవ్వ మెచ్చుకుంటుందని, పొయ్యి పైన నడిమింట్లోకి ఉన్న కంతను తనే మట్టితో మూసేసింది. అవ్వ తిట్టలేదు. కొడవలి మొనతో ఆ మట్టంతా గీకి తీసేసింది. "దీన్ని మూయొద్దు బిడ్డా. పొయ్యి కాడ ఒక మనిషి ఉంటది."

అమూల్య చేతిలోని పొగ హాలంతా తిరిగింది. ఫాల్స్ సీలింగ్ దీపాల దగ్గర వంగింది. ఏసీ పైపు కంత దగ్గర, ఆయన వచ్చిన వాళ్ళందరికీ చూపించే పెద్ద అద్దం గోడ అంచున వంగింది. వెనక తలుపు దగ్గర మాత్రం నిటారుగా లేచింది. అమూల్య వంగి చూసింది. తలుపు చుట్టూ పాత చీర ముక్కల్లో దూది కూరి, పొడవుగా కుట్టి, సందుల్లో బిగించి ఉంది.

"ఇది ఎవరు చేసిన్రు ఆంటీ?"

"నేనే," అంది విజయమ్మ. దుమ్ము, చీమలు రాకుండా ఎప్పుడో చేసింది. అదొక పనని ఎవరికీ చెప్పలేదు.

"మేమిచ్చే రబ్బరు కూడా ఇంత గట్టిగ ఆగదు."

తర్వాత అమూల్య వేడిని రంగుల్లో చూపించే కెమెరా తీసింది. హాలు నీలంగా కనబడింది. వంటింటి తూర్పు గోడ నిప్పులా ఎర్రగా కనబడింది. అక్కడ ఇరవై ఆరు డిగ్రీలు, ఇక్కడ ముప్పై తొమ్మిది. ఇక్కడ రోజుకు ఎంతసేపుంటారని అడిగింది. విజయమ్మ వేళ్ళ మీద లెక్కపెడుతూ మధ్యలో ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆమె తనను తానైనా అడుక్కోలేదు.

"ఆమెకు అలవాటే," అన్నాడు రాఘవేందర్. అందులో కోపం లేదు. అదే ఆమెకు ఎక్కడో తగిలింది.

అమూల్య కెమెరాను స్టవ్ పైన, హాలుకూ వంటింటికీ మధ్యనున్న గోడ మీదికి తిప్పింది. ఎర్రటి గోడలో నలుచదరపు మచ్చ ఒకటి, కాస్త నీలంగా. "ఇక్కడ ముందు కిటికీ ఉండెనా ఆంటీ? పలుచగ మూసిన్రు. హాల్లోని సల్లదనం తెలుస్తాంది."

ఉండేది. ప్లానులో ఆమె అడిగి పెట్టించుకున్నది అదొక్కటే. గృహప్రవేశానికి వారం ముందు ఆయన మూయించాడు. నలుగురు వచ్చేచోట తాలింపు వాసనేందన్నాడు. సున్నం పడ్డాక ఆమె కూడా మరిచిపోయింది. గోడ మరిచిపోలేదు.

అమూల్య వెళ్ళాక రాఘవేందర్ ఫోన్లో రిపోర్టు చదివాడు. దీపాల దగ్గర సీలు చేయిద్దామన్నాడు. మరి తలుపు సంగతేమిటని ఆమె అడిగింది.

"పర్వతాలుకు చెప్పిన, ఇటుకలు దిగినయ్. మూసేస్తే ఒక పనైపోతది."

ఆమె వంటింట్లోకి వెళ్ళి చల్లారిన నూనెను మళ్ళీ వేడి చేసి ఆవాలు వేసింది.

మర్నాడు ఆయన బహదూర్‌పల్లి సైటుకు వెళ్ళాక పర్వతాలు వచ్చాడు. విజయమ్మ వెనక గడప మీద కూర్చుని ఉంది. జర లేస్తే పని మొదలుపెడతానన్నాడు. ఆమె లేచి అతన్ని లోపలికి తీసుకెళ్ళింది. స్టవ్ పక్కకు జరిపి ఉంది. గిన్నెల మీద పాత దుప్పటి కప్పి ఉంది. గోడ మీద తడి పసుపుతో గీసిన నలుచదరపు గీత.

"ఇది నువ్వే మూసినవు గద. తియ్యి."

అతను గోడ వైపు, ఆమె వైపు చూసి జేబులో చెయ్యి పెట్టాడు. "సార్‌కు ఒక ఫోన్ కొడ్తనమ్మా."

"కొట్టు," అంది విజయమ్మ. "పొయ్యి కాడ ఒక మనిషి ఉంటదని చెప్పు."