అత్తగారు చుట్టిన మోటారు

మోటార్లు చుట్టే అత్తగారికీ, బొమ్మ హెలికాప్టర్లు ఎగరేసే కోడలికీ పొత్తు కుదరడం ఎవరైనా చూశారా? ఆ ఇంట్లో కుదిరింది. పెళ్ళయిన కొత్తలో, ఇంత మనిషి రిమోటు పట్టుకుని పిల్లల ఆట ఆడటమేమిటని అత్తగారు ముక్కున వేలేసుకుంది. ఒకనాడు మైదానానికి వెళ్ళి, కోడలు ఆ యంత్రాన్ని గాలిలో తలకిందులుగా నిలబెట్టడం కళ్ళారా చూసింది. ఆ తర్వాత ముక్కు మీది వేలు తీసేసి, ఆ పిల్లను వెక్కిరించిన వాళ్ళ మీద విరుచుకుపడటం మొదలుపెట్టింది.

రేపు పొద్దున పోటీలకు వెళ్ళే జట్టు ఎంపిక. కోడలు ఏళ్ళ తరబడి కాచుకుని ఉన్న రోజు. చిక్కంతా బరువుతో వచ్చింది. యంత్రం ఇంత బరువు మించకూడదని నిబంధన పెట్టారు, కోడలి హెలికాప్టర్ దానికి వెంట్రుకవాసి పైన తూగుతోంది. ఊడదీయగలిగినవన్నీ ఊడదీసింది. మరలు మార్చింది, పై తొడుగు పల్చగా గీకింది. ఇక మిగిలింది మోటారు. బజారులో దొరికే తేలిక మోటార్లకు ఆ రెక్కల్ని తిప్పే సత్తా లేదు.

"ఇలా ఇవ్వు, నేను చుడతాను," అనేసింది అత్తగారు కొన్నాళ్ళ కిందట. అన్నాక నాలుక కరుచుకుంది.

ఆవిడ పుట్టి బుద్ధెరిగి చుట్టినవన్నీ ఫ్యాన్లు, నీళ్ళ పంపులు, పిండి మరలు. ఇద్దరు పడితే గానీ లేవని మోటార్లు కూడా ఆవిడ చేతిలో బతికి బట్టకట్టాయి. ఇదేమో గుప్పిట్లో ఇమిడిపోతుంది. బ్రష్‌లెస్ మోటారు, అంటే అరిగిపోయే బ్రష్షులే ఉండవు. రాగి చుట్ట మధ్యలో కదలకుండా కూర్చుంటుంది, అయస్కాంతాలు అంటించిన గిన్నె దాని చుట్టూ తిరుగుతుంది. తీగ మీది పూత ఎక్కడో ఆవగింజంత గీరుకుపోయినా చాలు, వేగం అందుకోగానే చుట్ట మాడుతుంది. అప్పుడు గాల్లో ఉన్న హెలికాప్టర్ రాయిలా కిందికొస్తుంది. అత్తగారు భూతద్దం పెట్టుకుని చుట్టింది, నచ్చక విప్పింది, మళ్ళీ చుట్టింది. ఆ రోజుల్లో వంటింటి వైపు కన్నెత్తి చూడలేదు, కొడుకు ఏం వండితే అది తింది.

ఎంపికకు ముందు రోజు మధ్యాహ్నం అత్తగారి మోటార్ల దుకాణం వెనక గదిలో పరీక్ష పెట్టుకున్నారు. కొడుకును ముందు గదిలో గిరాకీలు చూసుకోమని పంపించి తలుపు వేశారు. హెలికాప్టర్‌ను బల్ల మీద బెల్టుతో కట్టారు. గాలిని పైకి నెట్టేలా కోడలు రెక్కల్ని వంచింది. అలా ఉంటే యంత్రం లేవదు సరికదా, బల్లకు ఇంకా అదుముకుంటుంది. ఒక్కసారి ఎగరడానికి పట్టేంతసేపు మోటారు పూర్తి వేగంతో తిరగాలి, మాడకూడదు. మాడిందా, రేపు కోడలు ఇంట్లో కూర్చోవడమే. ఇంకొకటి చుట్టడానికి సమయం లేదు.

"ఇనుప బిగింపు వేద్దామే," అంది అత్తగారు.

"వద్దత్తయ్యా, దాని కాళ్ళు నలిగిపోతాయి. ఈ బెల్టు చాలు."

మోటారు పక్కన నిలబడి చప్పుడు వినాలి, వేడి కొలవాలి. ఆ పని కోడలిది. అందుకని రిమోటు అత్తగారి చేతికొచ్చింది. ఆవిడను బల్ల ఇవతల, మెడదాకా వచ్చే ప్లైవుడ్ పలక వెనక నిలబెట్టి కోడలు పాఠం చెప్పింది.

"ఈ పుల్ల మెల్లగా పైకి నెట్టండి. మీరు వేలు తీసేసినా ఇది దానంతటది కిందికి రాదు, ఎక్కడ వదిలితే అక్కడే ఉంటుంది. ఆపాలంటే ఈ మీట లాగాలి. దీన్ని మేం హోల్డ్ అంటాం. మీకోసం తెలుగులో పెడతాను, పట్టు. నేను పట్టు అన్నానంటే మీరు ఠక్కున ఇది లాగేయాలి."

"పేరేమో పట్టు, చేసేదేమో ఆపేయడం. ఎవరమ్మా ఈ పేరు పెట్టిన మహానుభావుడు?"

"ఎవడో ఒకడు పెట్టాడు లెండి. గుర్తుంటుందా?"

"నాకు మతిమరుపు నీ మొగుడి విషయంలోనే గానీ మోటార్ల విషయంలో లేదు," అంది అత్తగారు. ఇద్దరూ నవ్వారు. ఆ రోజుకు అదే ఆఖరి నవ్వు అవుతుందని ఇద్దరికీ తెలియదు.

పుల్ల కదిలింది. రెక్కలు బద్ధకంగా ఒక చుట్టు తిరిగి, తర్వాత కనిపించడం మానేశాయి. వాటి గాలికి గోడకున్న కాగితాలు రెపరెపలాడాయి. మోటారు సన్నగా ఈల వేయడం మొదలుపెట్టింది.

"ఇంకొంచెం. మెల్లగా. అత్తయ్యా, ఏదో వాసన వస్తోంది!"

"కంగారు పడకు. వార్నిష్ మొదటిసారి వేడెక్కితే అలాగే ఉంటుంది. తీగ మాడితే ముక్కులు మండిపోతాయి."

పైకి అలా అంది గానీ, చుట్టిన ప్రతి చుట్టూ కళ్ళముందు తిరుగుతోంది. మూల మలుపు దగ్గర తీగ కాస్త బిగుసుకున్న చోటు ఒకటి ఉంది, అక్కడ పూత చెదిరిందేమో. పుల్ల ఇంకాస్త నెట్టింది. ఈల కేకైంది. బల్ల కాళ్ళు నేల మీద గజగజలాడాయి.

బెల్టు జారింది.

ఏళ్ళ తరబడి వార్నిష్ తాగిన బల్ల అది, అంచులు నున్నగా ఉంటాయి. ఆ అదురుకు బెల్టు ఒక వైపు మెల్లగా పాకుతూ వచ్చి, అంచు దాటి వదులైపోయింది. హెలికాప్టర్ ముక్కు గిర్రున ఇటు తిరిగింది, తోక అటు ఊడ్చింది.

"పట్టు! పట్టు!" అని అరిచింది కోడలు.

ఆ దుకాణంలో ఆ మాటకు ఒక్కటే అర్థం. బరువైన మోటారు బల్ల మీంచి జారుతుంటే ఎవరో ఒకరు పట్టు అని అరుస్తారు, దగ్గరున్న వాళ్ళు రెండు చేతులూ వేస్తారు. అత్తగారి చేతులు ఆ మాట విన్నాయి. ఆవిడను మాత్రం అడగలేదు. రిమోటు నేల మీద పడింది. ఆవిడ పలక పక్కనుంచి ముందుకు దూకి, తిరుగుతున్న రెక్కల కిందికి, యంత్రం కాళ్ళ వైపు రెండు చేతులూ చాచింది.

రిమోటు దొర్లి కోడలి పాదాల దగ్గరే వెల్లకిలా పడింది. మీట పైకే ఉంది. వంగి లాగితే హెలికాప్టర్ దక్కేదేమో. అత్తగారి చేతులు మాత్రం దక్కేవి కావు. ఆ పిల్ల వంగలేదు. చేతికి అందినదాన్ని అందినట్టే పట్టుకుని వెనక్కి గుంజింది. అందింది అత్తగారి జడ. ఇదంతా తర్వాత నెమరువేసుకుంటే తెలిసిన సంగతి గానీ, ఆ క్షణాన అత్తగారికి తెలిసింది కుదుళ్ళు పెరికినంత నొప్పి ఒక్కటే.

ఇద్దరూ కలిసి వెల్లకిలా పడ్డారు. రెక్క బల్లకు తగిలి పేలిపోయింది. ముక్కలు ప్లైవుడ్ పలకలో దిగబడ్డాయి. మోటారు మాత్రం ఆగలేదు. తిప్పడానికి రెక్కలు లేకపోయినా గొంతు చించుకుని అరుస్తూనే ఉంది. కోడలు మోకాళ్ళ మీద పాక్కుంటూ వెళ్ళి మీట లాగింది.

తలుపు తోసుకుని కొడుకు వచ్చాడు. తల్లి నేల మీద కూర్చుని ఉంది. పెళ్ళాం పక్కనే ఉంది, ఆమె వేళ్ళకు తల్లి వెంట్రుకలు చుట్టుకుని ఉన్నాయి.

"చివరికి జుట్లు పట్టుకున్నారా మీరిద్దరూ!" అన్నాడు.

అత్తగారు చేత్తో పలక చూపించింది. అప్పుడు పలక వైపు చూశాడు. దిగబడిన ముక్కలు చూసి అతని మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

అత్తగారు వేళ్ళు ఒక్కొక్కటే మడిచి చూసుకుంది. అన్నీ ఉన్నాయి. అప్పుడు భయం వేసింది. అయినా ముందు లేచి మోటారు దగ్గరకే వెళ్ళింది. గిన్నెను వేలితో తిప్పి చెవి దగ్గర పెట్టుకుంది. ఎక్కడా రాపిడి లేదు. మోటారులోంచి వచ్చే మూడు తీగలకూ మీటరు పెట్టి చూసింది. మూడూ సమానంగా ఉన్నాయి.

"మోటారు నిక్షేపంలా ఉంది. రెక్కలు మార్చు," అంది.

మిగిలినవి ఒక్క జత. రేపటికోసం దాచుకున్నవి. కోడలు వాటిని తీసి మర బిగించబోయింది. మర జారి పడింది. తీసి మళ్ళీ పెట్టింది, మళ్ళీ పడింది. ఆఖరికి స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టేసింది.

"నేను రేపు వెళ్ళనత్తయ్యా."

"ఏం, నా మోటారు మీద నమ్మకం లేదా?"

"మోటారుకేం, బాగానే ఉంది. నా చేతులు చూడండి." చాచి చూపించింది. గాలికి ఆకులు ఊగినట్టు వణుకుతున్నాయి. "తలకిందులుగా ఎగరేసేటప్పుడు బొటనవేలు ఇంత అటూ ఇటూ అయితే నేలకు కొడుతుంది. రిమోటు ముట్టుకుంటే మీ వేళ్ళే కనిపిస్తున్నాయి. తెగిపోయి."

"పోనీలే, వచ్చే ఏడాది చూసుకోవచ్చు," అన్నాడు కొడుకు.

"నువ్వు నోరు మూసుకుని ఆ గుమ్మంలో నిలబడు," అంది అత్తగారు.

మంచినీళ్ళిచ్చింది, వీపు నిమిరింది. ఇవేవీ పనికొచ్చేలా లేవని ఆవిడకు తెలిసిపోయింది. ఈ పిల్ల రేపు ఇంట్లో కూర్చుంటే ఆ తర్వాత ఇక మైదానం మొహం చూడదు. చెక్క పట్టె ఒకటి తెచ్చి, హెలికాప్టర్ కాళ్ళ మీదుగా వేసి, నలగకుండా కింద రబ్బరు పెట్టి, బల్లకు బోల్టులు దిగ్గొట్టి బిగించింది. రెండు చేతులతో ఊపి చూసింది. బల్ల కదిలింది గానీ అది కదల్లేదు. తనే రెక్కలు బిగించి, రిమోటు తీసి కోడలి చేతిలో పెట్టి, వేడి కొలిచే పరికరం పట్టుకుని మోటారు పక్కన నిలబడింది.

"అక్కడొద్దత్తయ్యా. పలక వెనక్కి రండి."

"ఇందాక నువ్వు నిలబడ్డ చోటేగా."

"నా చేతులు వణుకుతున్నాయని చెబుతున్నానా!"

"కనిపిస్తూనే ఉంది. వణికేది నీ చెయ్యి, తెగితే తెగేది నా చెయ్యి. ఇక నీ ఇష్టం."

ఇది ధైర్యం చెప్పడమో బెదిరించడమో గుమ్మంలో ఉన్న కొడుక్కి అర్థం కాలేదు. ఆ రెండింటికీ తేడా ఆవిడకు ఎప్పుడూ తెలియదు.

కోడలు బోల్టుల వైపోసారి, అత్తగారి చేతుల వైపోసారి చూసింది. తర్వాత పుల్ల మీద బొటనవేలు పెట్టింది.

రెక్కలు కదిలాయి, కనిపించకుండా పోయాయి. ఈల మొదలైంది. ఇందాక బెల్టు జారిన వేగం దగ్గరకు వచ్చేసరికి ఈల అక్కడే ఆగిపోయింది, పైకీ కిందికీ పోలేదు. అత్తగారు వెనక్కి తిరగలేదు. తిరిగితే తన మొహంలో భయం ఆ పిల్లకు కనిపిస్తుంది. భయం నిండుగా ఉంది మరి.

"పైకి," అంది.

ఈల కేకైంది. బల్ల అదిరింది, పట్టె అదరలేదు. వేడి పెరిగింది, ఇంకా పెరిగింది, ఒకచోట నిలబడిపోయింది. కోడలు నోట్లో లెక్కపెడుతూ ఎగరడానికి పట్టే సమయమంతా తిప్పి, మీట లాగింది. రెక్కలు నెమ్మదించి, నిదానంగా ఆగాయి.

అత్తగారు పరికరం పక్కన పెట్టేసింది. రెక్కల సందులోంచి ఉత్త చెయ్యి దూర్చి మోటారు మీద వేలు ఆనించింది. కోడలి వేళ్ళ మధ్య రిమోటు ఇంకా బతికే ఉంది. ఒక్క మీట తప్పుగా కదిలితే చాలు, రెక్కలు మళ్ళీ తిరుగుతాయి.

"అత్తయ్యా, చెయ్యి తీయండి!"

"వేడిగా ఉంది గానీ కాలట్లేదు. బాగానే చుట్టాను."

"ముందు చెయ్యి తీయండి, మీకు దణ్ణం పెడతాను."

"తీస్తాలేవే. నా చేతికేం, నీ చేతులు చూసుకో."

కోడలు కిందికి చూసుకుంది. రిమోటు మీద రెండు బొటనవేళ్ళూ కదలకుండా ఉన్నాయి.

అప్పుడు అత్తగారు చెయ్యి బయటికి తీసింది. బల్ల అంచు పట్టుకుని, స్టూలు తెమ్మని కొడుకును కేకేసింది.