పన్ను వాపసు, రెండు చీటీలు

పన్ను వాపసు డబ్బు ఖాతాలో పడిందని ఫోన్‌కి కబురొచ్చిన ఆదివారం మధ్యాహ్నం, మా ఆయన పెన్నూ రెండు చీటీలూ తెచ్చి బల్ల మీద పెట్టారు. మా ఇంట్లో పెద్ద మొత్తం ఏదొచ్చినా ఇదే పద్ధతి. పెళ్ళయిన కొత్తలో బోనస్ డబ్బు విషయంలో మూడు రోజులు మూతులు ముడుచుకుని కూర్చున్నాక కుదుర్చుకున్న ఒప్పందం. ఎవరి మాట వాళ్ళు రాసి చీటీలు మార్చుకోవాలి. ఇద్దరూ ఒకటే రాస్తే వాదనే లేదు.

ఈసారి వాదన తప్పదని నాకు తెలుసు. ఆయన ఇరవై రెండేళ్ళుగా వెల్డరు. పోయిన నెల వర్క్‌షాపులో కంటి పరీక్షలు చేశారు. "అద్దాలు మారిస్తే చాలన్నారు" అని నాతో చెప్పారు. రెండు కళ్ళకీ ఆపరేషన్ కావాలనీ, ఆలస్యం చేస్తే చూపు దక్కదనీ డాక్టరు అన్న సంగతి ఆయన పక్కన పనిచేసే ఫిట్టరు నా చెవిన వేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకు దాచారో కూడా తెలుసు. అమ్మాయికి ఫార్మసీ కోర్సులో సీటొచ్చింది. వచ్చిన డబ్బు ఆపరేషన్‌కి సరిపోతుంది, లేదంటే ఫీజుకి. రెండింటికీ చాలదు.

నేను "మీ కళ్ళు" అని రాసి, కింద రెండు గీతలు కూడా కొట్టాను. చీటీలు మార్చుకున్నాం. ఆయనది "అమ్మాయి ఫీజు". అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చున్నాయి. నా చీటీని ఆయన కిటికీ వెలుగులో పట్టుకుని చాలాసేపు చూశారు. గొడవకి నేను మాటలు కూడగట్టుకున్నాను.

ఆయన నవ్వారు. "చూశావా, ఇద్దరం ఒకటే రాశాం. రేపే కట్టేద్దాం."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. భయం వేసింది.

"ఇంకోసారి చదవండి" అన్నాను.

చీటీని కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నారు, దూరం జరిపారు. చివరికి బల్ల మీద పెట్టేశారు.

"నాలుగు నెలలైంది" అన్నారు మెల్లగా. "పనంటే చేతికి అలవాటే. అక్షరాలే దొరకట్లేదు."

"మరి రోజూ పొద్దున నేను వంట చేస్తుంటే పేపరు చదివి వినిపిస్తున్నారుగా?"

ఆయన తల దించుకున్నారు. "బొమ్మలు చూసి, మిగతాది కల్పించి చెప్తున్నా."

మొన్న ఉల్లిపాయల ధర సగానికి పడిందని చదివారు. ఆ మాట పట్టుకుని కొట్టువాడితో నానా రభస చేసొచ్చాను.

"ఉల్లిపాయల ధర కూడానా?"

"తగ్గిందంటే సంతోషపడతావని."

నాకు ఏడుపు ఆగలేదు. "ఫీజు వాయిదాల్లో కడదాం. కాలేజీవాళ్ళ కాళ్ళావేళ్ళా నేను పడతాను" అన్నాను. "ఈ డబ్బు మాత్రం నేను రాసినదానికే."

"ఏం రాశావు?" అని అడిగారు.

చదివి వినిపించాను.