మూడోనాటి చక్రపొంగలి

చక్రపొంగలి మీద తెల్లటి బూజు నూగులా లేచింది. పద్మాక్షమ్మ గిన్నెను కిటికీ వెలుతురు వైపు తిప్పి చూసింది. గోటితో బూజును ఒక పక్కకు గీరేసి, అడుగున ఉన్నది ముద్ద చేసి నోట్లో వేసుకుంది. నమల్లేదు, గుటుక్కున మింగింది. కొంగుతో పెదవులు తుడుచుకుని మళ్లీ గిన్నెలో చెయ్యి పెట్టింది.

వంటింటి గడపలో నిలబడిన కూతురు కల్యాణవల్లి ముక్కు మూసుకుంది. ముక్కిపోయిన నెయ్యి, పులిసిన బెల్లం కలిసి కుళ్లిన పండులాంటి కంపు గదంతా ఆవరించి ఉంది.

"అమ్మా, అది బూజు. విషం."

"పైపైన్నే లేవే. తీసేసినా కదా" అంది తల్లి, ఇంకో ముద్ద కలుపుతూ.

అప్పటికి వారం కిందటే కల్యాణవల్లి తల్లిని పెద్దాసుపత్రికి తీసుకుపోయి వచ్చింది. దొడ్లో తల్లి ఒంటికి పోయిన చోట తూము చుట్టూ నల్లగా చీమలు పట్టడం చూసి ఆమెకు అనుమానం వచ్చింది. ఎడమకాలి చిటికెన వేలి దగ్గర పుండు ఎన్నాళ్లయినా మానలేదు. గుడ్డ విప్పితే చీము, దాని మీద ఈగలు. డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి, చక్కెర జబ్బు బాగా ముదిరిందని చెప్పింది. తీపి మానాలి, నిలవ తిండి మానాలి, మగవాళ్లు తిని లేచేదాకా కాచుకోకుండా వేళకు తాజాగా కొంచెం కొంచెం తినాలి, ఆకుకూరలు తినాలి, కాళ్లు రోజూ కడిగి చూసుకోవాలి, పుండు మానాక పొద్దున్నే నడవాలి. ఇవన్నీ చేసినా పుండు తగ్గకపోతే వేలు తీసేయాలి, ఇంకా ఆలస్యం చేస్తే పాదమే పోతుంది. పద్మాక్షమ్మ అన్నిటికీ తల ఊపింది. ఇంటికొచ్చి మొగుడితో మాత్రం, ఏవో మాత్రలిచ్చినారు అని ఊరుకుంది.

ఆ మొగుడు శఠగోపం గారు. తిరుపతిలో కోవెల వెనక వీధిలో తరతరాలుగా కైంకర్యం చేస్తున్న ఇల్లు వాళ్లది. సాయంత్రం నివేదన అయ్యాక ఆయన వంతు ప్రసాదం, ఒకనాడు పొంగలి, ఒకనాడు పులిహోర, ఒకనాడు దద్దోజనం, ఇత్తడి గిన్నెలో పెట్టి ఇస్తారు. దాన్ని పైపంచెతో కప్పి, భుజాన పెట్టుకుని, వీధి నడిమధ్యన నడిచి వస్తాడాయన. ఎదురొచ్చినవాళ్లు పక్కకు తప్పుకుని దండం పెడతారు. ఇల్లు చేరాక ఆయనా, కొడుకు ముకుందమూ చిటికెడు తీసుకుని కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంటారు. అక్కడితో సరి. తర్వాత వేడి అన్నం, చారు, కూర. ఊహ తెలిసిన నాటి నుంచీ తిన్న పొంగలి అంటే మగవాళ్లకు ఎప్పుడో మొహం మొత్తింది.

మరి మిగిలిన గిన్నెడు ఎవరు తినాలి? పక్కింటికి ఇద్దామంటే పక్కింట్లోనూ వంతే, ఎదురింట్లోనూ వంతే. మరునాడు దారినపోయేవాళ్లకు పెడదామంటే, నిలవది పెట్టి స్వామిని చులకన చేస్తారా అంటారు. పశువుకు వేస్తే కాళ్ల కింద తొక్కుతుంది. పారేయడం పాపం. ఇలా దారులన్నీ ఒక్కొక్కటే మూసుకుంటూ వచ్చి, చివరికి ఆ ఇంటి ఆడదాని కడుపు ఒక్కటి తెరిచిపెట్టారు. నిన్నటిది అయ్యేలోపల ఇవాళ్టిది వస్తుంది. ఇవాళ్టిది రేపటికి మిగులుతుంది. పద్మాక్షమ్మ జీవితంలో తాజా ముద్ద ఎప్పుడు తిన్నదో ఆమెకే గుర్తులేదు.

ఆ వీధిలో మగవాళ్లు ఎనభై ఏళ్లు వచ్చినా చీకటితోనే కపిలతీర్థం దాకా నడిచిపోయి స్నానం చేసి వస్తారు. ఆడవాళ్లు యాభై దాటితే కాళ్లు వాచి, గోడ పట్టుకుని వంటింటి నుంచి దొడ్లోకి, దొడ్లోంచి వంటింట్లోకి తిరుగుతారు. కల్యాణవల్లి నాయనమ్మకు కాలు కుళ్లి, తీసేసినా దక్కలేదు. పెద్దమ్మకు కళ్లు పోయాయి, ఆ వెనకే ప్రాణం పోయింది. ఇద్దరూ పసుపు కుంకుమలతో పోయారని, ఎంత అదృష్టవంతులని ఊరంతా చెప్పుకుంది. శవం దగ్గర కూర్చుని అదృష్టం అనడానికి వాళ్లకు నోరెలా వచ్చిందో కల్యాణవల్లికి ఈనాటికీ అర్థం కాలేదు. ఆ ఇంట్లో బీయస్సీ చదివిన మొదటి ఆడపిల్ల ఆమే. తల్లిని ఆ వరసలో మూడో మనిషిని కానివ్వకూడదని ఆమె పట్టుదల.

ఆ సాయంత్రమే తండ్రిని కూర్చోబెట్టి డాక్టరమ్మ మాటలు ఒక్కటీ వదలకుండా చెప్పింది. ప్రసాదం మీద తనకు భక్తి లేక కాదనీ, కోవెల్లోనే భక్తులకు పంచేసి చిటికెడు తెస్తే చాలనీ బతిమాలింది. వంతు అక్కడ వదిలి వస్తే పదిమందిలో పరువేం కావాలని ఆయన కోప్పడ్డాడు.

"స్వామికి పెట్టింది తిని చెడిపోయినోళ్లు యాడన్నా ఉండారా?" అన్నాడు.

"బీయస్సీ చదివినదానికి దేవుడు కనపడడు నాయనా, చక్కెరే కనపడతాది" అని ముకుందం నవ్వాడు. అన్న పళ్ల సందుల్లో తమలపాకు ఎర్రగా మెరిసింది. కల్యాణవల్లి మొహం తిప్పుకుంది.

మరునాడు మధ్యాహ్నం తండ్రీ కొడుకులు ఆకుల ముందు కూర్చున్నారు. పద్మాక్షమ్మ అన్నం గిన్నె ఎత్తబోతుంటే కల్యాణవల్లి ఆమెను పీట మీద కూర్చోబెట్టి తనే వడ్డనకు వచ్చింది. తల్లి కోసం మూతపెట్టి ఉన్న నిలవ పులిహోర, దానితోపాటు తీగలు సాగుతున్న దద్దోజనం తెచ్చి తండ్రి ఆకులో పెట్టింది.

"ప్రసాదం నాయనా" అంది.

శఠగోపం గారు కళ్లకద్దుకుని, అలవాటుగా ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. దవడలు ఆగిపోయాయి. ఉమ్మడానికి లేదు, ప్రసాదం. మింగడానికి గొంతు ఒప్పుకోవడం లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎలాగో మింగి, చెంబు నీళ్లు ఎత్తి తాగి, లేచి దొడ్లోకి పరిగెత్తాడు. దొడ్లోంచి డోకు వినబడింది. ముకుందం తన ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

మొహం కడుక్కుని వచ్చిన ఆయన కూతుర్ని ఏమీ అనలేదు. పెళ్లాం వైపు తిరిగాడు.

"ఏమే, ఇంత కంపు ఇంట్లో పెట్టుకోనుండావే? శుభ్రం లేదా నీకు? మనిషి తినేదా అది?"

ఇప్పటిదాకా కల్యాణవల్లికి ఆ గిన్నెల వాసనే పడేది కాదు. ఈ మాట అంతకంటే ఎక్కువగా కంపు కొట్టింది. జవాబు చెప్పబోయింది. పద్మాక్షమ్మ చెయ్యెత్తి ఆపింది.

"ఈ ఇంట్లో కాలు పెట్టినప్పట్నుంచీ అదే తింటా ఉండాను" అంది మెల్లగా. "మీకు ఒక్క ముద్దకే తెలిసిపోయిందే. నాకు తెలీదనుకుంటిరా? మనిషి తినేది కాదంటే, ఇన్నేళ్లూ తిన్న నేనెవరిని?"

ఆయన పైపంచె సర్దుకున్నాడు.

"ఇంక నేను తినను. పారెయ్యను కూడా. మీ వంతు, ఏం చేసుకుంటారో మీరే చేసుకోండి."

ఆ సాయంత్రం శఠగోపం గారు ఎప్పటిలాగే గిన్నె భుజాన పెట్టుకుని వచ్చాడు. గడపలో నిలబడి దగ్గాడు. గిన్నె అందుకోవడానికి ఎవరూ రాలేదు. ఇంకోసారి దగ్గాడు. లోపలినుంచి పద్మాక్షమ్మ, కాలి పుండు కడుక్కుంటా ఉండాను, నేను రాను అంది. చాలాసేపు నిలబడి, చివరికి గిన్నె అరుగు మీద పెట్టి పక్కన కూర్చున్నాడు. కోవెల నుంచి తిరిగివస్తున్న పల్లెటూరి జంట ఒకటి, గుండ్లు గీయించుకున్నవాళ్లు, గిన్నె చూసి ఆగారు. పిలిచి పెట్టడం ఆయనకు చేతకాదు. వాళ్లే దోసిళ్లు పట్టారు. మొహం పక్కకు తిప్పుకుని పెట్టాడు. వాళ్ల వెనక ఇంకొందరు చేరారు. చూస్తుండగానే గిన్నె ఖాళీ అయింది. ముకుందం కిటికీ రెక్క మూసేశాడు, వీధిలో ఎవరైనా చూస్తారని.

కల్యాణవల్లి దొడ్లో పాత గిన్నెలు ముందేసుకుని కూర్చుంది. లోపలిదంతా తల్లి చెప్పినట్టే జామచెట్టు మొదట్లో గొయ్యి తీసి పూడ్చింది. పారెయ్యలేదు, మట్టికి పెట్టినామని తల్లి మనసుకు సర్ది చెప్పుకుంది. గిన్నెల అడుగున పచ్చగా, జిగటగా పట్టిన పొర ఒక పట్టాన వదల్లేదు. చింతపండు, బూడిద వేసి రుద్దింది. చేతులు సబ్బుతో మళ్లీ మళ్లీ కడిగింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా అదే వాసన.

లోపల పద్మాక్షమ్మ మగవాళ్ల కోసం ఆగకుండా ఆకు వేసుకుంది. పొయ్యి మీంచి దించిన అన్నం కొంచెం, తోటకూర పప్పు ఎక్కువగా పెట్టుకుంది. నోరు కాలుతుంటే ఊదుకుంటూ తింటోంది.

"వల్లీ, రాయే" అని పిలిచింది. "చల్లారిపోతాది."

కల్యాణవల్లి వెళ్లి ఎదురుగా కూర్చుంది. తల్లి పెట్టిన ముద్ద నోటిదాకా తీసుకుపోయింది. వేళ్లలో ఆ కంపు కొట్టింది. ముద్ద ఆకులో పెట్టేసి, తల్లి తినడం చూస్తూ కూర్చుంది.