ఒకే బస్తా, నాలుగు సార్లు

తూర్పు ఆఫ్రికా సరిహద్దు గేట్లన్నిటిలోకీ సిరెంగా గేటుకే ఎక్కువ మార్కులొచ్చాయని చెప్పడానికి నైరోబీ నుంచి డాక్టర్ కిబెట్ దిగబడ్డాడు. ఏ రెండు దేశాల వ్యాపారం ఎంతగా కలిసిపోయిందో కొలిచి నూటికి ఇన్నని మార్కులు వేయడం ఆయన ఉద్యోగం. అంతే తప్ప, జన్మలో ఒక్క మూట మోసి గేటు దాటిన పాపాన పోలేదు.

తాకా ఉగాండా వైపు నుంచి కెన్యా సంతకు ఎండు చేపలు మోస్తుంది. నెత్తి మీద పది కిలోలకు మించితే కాగితాలు చూపించాలని నిరుడు చివర్లో రూలు పెట్టారు. ఆ కాగితాలిచ్చే ఆఫీసుకు బస్సులో ఒక రోజు ప్రయాణం. అందుకని ఆడవాళ్లు నలభై కిలోల బస్తాను గేటు ముందు విప్పి, నాలుగు మూటలు కట్టి, నాలుగు సార్లు నడిచేవారు. అక్కడ కుర్చీ వేసుకున్న గుమాస్తా వాండెరా, మూట దాటినప్పుడల్లా చేతిలోని లెక్కమిషను నొక్కేవాడు. తాకా కుడి మోకాలు అరిగిపోయింది. ఆ రూలు తీసేయకపోతే వానల దాకా కూడా ఈ పని చేయలేనని ఆమెకు తెలుసు.

“నిరుటికి నాలుగింతలమ్మా! రెండు దేశాలు ఇంతగా కలిసిన చోటు ఇంకెక్కడా లేదు,” అన్నాడు డాక్టర్, ఫోటో కోసం ఆమె పక్కన నిలబడి.

“ఏం కలిసిందయ్యా, నా మొహం! బస్తా అదే. నాలుగు ముక్కలు చేసింది మీ రూలు. నమ్మకపోతే వీణ్ని అడుగు.”

వాండెరా తన బూట్ల వంక చూసుకున్నాడు. “నిజమే సార్. కానీ ఫారంలో బరువుకు గడి లేదు. ఎన్నిసార్లు దాటారన్నదే ఉంది.”

“పద్దెనిమిది దేశాలు ఒప్పుకున్న పద్ధతమ్మా ఇది. నీ మూట కోసం మార్చమంటావా?”

“పద్ధతి నీ దగ్గరే పెట్టుకో. ఆ పది కిలోల సంగతి పైవాళ్లకు రాస్తావా, రాయవా?”

“రాస్తాను. తప్పకుండా రాస్తాను.”

తాకా ఆ మాట నమ్మింది. నమ్మినందుకు తర్వాత తన్ను తానే తిట్టుకుంది.

ఆయన రాశాడు, పాపం. మూడు నెలలకు గేటుకు మెచ్చుకోలుగా ఒక ఇత్తడి పలక, దాంతోపాటు ఒక ఉత్తర్వు వచ్చాయి. ఉత్తర్వు వాండెరా చదివి వినిపించాడు. పది కిలోల రూలు వల్ల వ్యాపారం నాలుగింతలైంది కాబట్టి దాన్ని గేట్లన్నిటికీ పెడుతున్నారు. సిరెంగాలో మాత్రం ఐదు కిలోలకు తగ్గిస్తున్నారు.

తాకా నాలుగు మూటలూ విప్పి ఎనిమిది కట్టింది. మొదటిది నెత్తికెత్తుకుని కుంటుతూ గేటు దాటింది. వాండెరా మిషను నొక్కలేక తల దించుకున్నాడు.

“నొక్కరా, సిగ్గెందుకు? ఇంకా ఏడున్నాయి,” అంది తాకా.